పాత ఎలక్ట్రిక్ షవర్‌ను, దాని వైరింగును తొలగించేటప్పుడు వచ్చే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

షవర్ పెట్టెను గోడ నుంచి ఊడదీయడం తేలికే. దాని వెనుక వైరులోకి మళ్లీ కరెంటు రాకుండా చేయడమే అసలు పని. 8.5 కిలోవాట్ల షవర్ 230 వోల్టుల సరఫరా మీద దాదాపు 37 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి దానికి మెయిన్ బోర్డు నుంచి విడిగా లావుపాటి వైరు వేస్తారు. బోర్డు లోపల విప్పే పనిని అర్హత గల ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి.

సమస్య: స్విచ్ ఆపినా షవర్ టెర్మినళ్ల దగ్గర టెస్టర్ వెలుగుతోంది.

కారణం: ఏళ్ల తరబడి ఎక్కువ కరెంటు మోసిన స్విచ్‌లో కాంటాక్టులు వేడికి అతుక్కుపోయి ఉండవచ్చు, లేదా ఫేజ్‌కు బదులు న్యూట్రల్ మాత్రమే తెగేలా ఎవరో కనెక్షన్ ఇచ్చి ఉండవచ్చు.

పరిష్కారం: స్విచ్‌ను నమ్మకుండా బోర్డులో షవర్ ఎంసీబీని (కరెంటు మితిమీరితే దానంతటదే పడి సరఫరా తెంచే బ్రేకర్‌ను) ఆపి, ఇంకెవరూ పైకి ఎత్తకుండా తాళం వేయాలి. స్క్రూడ్రైవర్ టెస్టర్ వెలగనంత మాత్రాన కరెంటు లేదని అనుకోకూడదు. రెండు ప్రోబుల వోల్టేజి టెస్టర్‌ను ముందు కరెంటు ఉన్న సాకెట్ మీద పరీక్షించి, ఆ తర్వాత ఫేజ్-న్యూట్రల్, ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మధ్య చూసి, చివరికి మళ్లీ ఆ సాకెట్ మీదే పరీక్షించాలి.

సమస్య: ఎంసీబీ ఆపే ఉంది, అయినా వైరు కోయగానే ఇల్లంతా కరెంటు పోయింది.

కారణం: సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌ను మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్ బోర్డుకు అంటుకునే ఉంటుంది. కట్టర్ నోట్లో న్యూట్రల్, ఎర్త్ ఒకదానికొకటి తగిలితే ఇంట్లో ఇతర పరికరాల నుంచి తిరిగి వచ్చే కరెంటులో కొంత ఎర్త్ దారి పడుతుంది, ఆ తేడాను పసిగట్టి ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే సరఫరాను తెంచే రక్షణ స్విచ్) పడిపోతుంది. ఇది ఆర్‌సీసీబీ లోపమని దాన్ని మార్చేయమనేవారూ ఉన్నారు. నిజానికి అది తన పని తాను చేసింది.

పరిష్కారం: మెయిన్ స్విచ్ ఆపి, ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడింటినీ బోర్డు దగ్గరే విప్పించిన తర్వాతే వైరు కోయాలి.

సమస్య: టెర్మినల్ దగ్గర వైరు తొడుగు గోధుమ రంగుకు మారి, పెళుసుగా రాలిపోతోంది.

కారణం చాలావరకు స్క్రూ వదులు కావడమే. వదులైన చోట వేడి పుడుతుంది. అదే వైరుకు కొత్త హీటర్ తగిలించాలనుకుంటే, మెరిసే రాగి కనిపించేదాకా కాలిన భాగాన్ని కత్తిరించాలి. పొడవు చాలకపోతే టేపు చుట్టిన అతుకు పెట్టకుండా వైరునే మార్చాలి.

సమస్య: వైరు గోడలోంచి రావడం లేదు.

ప్లాస్టర్‌లో బిగుసుకున్న వైరును గోడ పగలగొట్టి తీయనక్కర్లేదు. రెండు చివరలనూ విడదీసి, కనెక్టర్‌తో మూసి, అది వాడకంలో లేని షవర్ వైరని రెండు చోట్లా చీటీ కట్టాలి. స్నానాల గది వైపు మాత్రం టేపు చుట్టి, బోర్డు వైపు అలాగే వదిలేసి, పైన టైల్ అంటించేస్తే తర్వాత ఎవరో అక్కడ డ్రిల్ చేసినప్పుడు ప్రాణాల మీదకు వస్తుంది.

సమస్య: పైపు విప్పాక నీరు కారుతూనే ఉంది.

షవర్‌కు ముందున్న వాల్వ్ అరిగి ఉంటుంది. మెయిన్ వాల్వ్ కట్టేసి పైపుకు ఎండ్ క్యాప్ బిగించాలి. మిగిలిన పైపులో నీరు నిలిచి సూక్ష్మజీవులు పెరుగుతాయి గనుక క్యాప్‌ను వీలైనంతవరకు షవర్ పైపు మెయిన్ పైపు నుంచి విడిపోయే చోటికి దగ్గరగా పెట్టాలి.

ఖాళీ అయిన 40 ఆంపియర్ల ఎంసీబీకి లైటు వైరో ఫ్యాను వైరో తగిలించకూడదు. సన్నని వైరు కాలిపోయేంత కరెంటు పారినా అంత పెద్ద ఎంసీబీ పడకపోవచ్చు. దాన్ని తీయించి, బోర్డులో ఆ ఖాళీని బ్లాంక్ ప్లేటుతో మూయించాలి.