వైద్యం ఖర్చుకి ఆన్‌లైన్‌లో విరాళాలు అడగడం ఎలా?

సాయం అడిగే మెసేజ్ గ్రూపులో పడగానే చాలామందికి వచ్చే మొదటి ఆలోచన జాలి కాదు, అనుమానం. "ఇది నిజమేనా? పాత ఫార్వర్డా? డబ్బు నిజంగా ఆస్పత్రికే వెళ్తుందా?" ఇలా అనుకుని పక్కకి జరిపేస్తారు. వాళ్ళని రాతిగుండె మనుషులని తిట్టుకోకండి. హుండీలో నోట్లు వేసేటప్పుడు రసీదు అడగని జనమే ఇది. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి తిరిగితే విరివిగా ఇచ్చారు. అప్పుడు అడుగుతున్నవాళ్ళ ముఖం తెలుసు, డబ్బు ఎక్కడికి పోతుందో తెలుసు. ఫోన్‌లో ఆ రెండూ తెలియవు. తెలిసేలా చేసే బాధ్యత అడిగేవాళ్ళదే.

ఈ పనిలో చాలా కుటుంబాలకి తోడున్నాను. నిజంగా అవసరం ఉన్నవాళ్ళు కూడా మోసగాళ్ళ మెసేజ్‌లా కనిపించే మెసేజ్ పెట్టి, డబ్బులు రాలేదని కుమిలిపోవడం చూసి చూసి విసిగిపోయి ఇది రాస్తున్నాను.

మొదట: ప్రభుత్వ సాయం

పోస్టు పెట్టకముందే ఇది తేల్చుకోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలకి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గరికి వెళ్ళి ఈ జబ్బు, ఈ ఆపరేషన్ జాబితాలో ఉందా అని అడగండి. సీఎం రిలీఫ్ ఫండ్‌కి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టండి. ఎల్‌ఓసీ (ఫలానా మొత్తం ప్రభుత్వం కడుతుందని ఆస్పత్రికి ఇచ్చే హామీ లేఖ) వస్తే ఆపరేషన్‌కి ముందే కొంత భారం తగ్గుతుంది. అరుదైన జబ్బయితే కేంద్రం విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో చికిత్సకి 50 లక్షల వరకు సాయం ఉంది. హైదరాబాద్‌లో నిమ్స్ ఆస్పత్రి, సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థ కలిసి అలాంటి కేంద్రంగా ఉన్నాయి. ఇవన్నీ ప్రయత్నించారా అని దాతలు తప్పకుండా అడుగుతారు. జవాబు చేతిలో ఉండాలి.

రెండోది: కాగితాలు, ఖాతా

ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద, డాక్టర్ సంతకం, ముద్ర, తేదీతో ఎస్టిమేట్ తీసుకోండి. పేషెంట్ ఆధార్, రిపోర్టులు స్కాన్ చేసి పెట్టుకోండి. పోస్టులో పెట్టేటప్పుడు మాత్రం ఆధార్ నంబర్, ఇంటి అడ్రస్ చెరిపేయండి.

ఖాతా పేషెంట్‌దో, తల్లిదండ్రులదో, భార్యాభర్తలదో అయి ఉండాలి. "మా ఫ్రెండ్ గూగుల్ పే నంబర్‌కి పంపండి" అన్న మెసేజ్‌కి నేనైతే రూపాయి పంపను, మీరూ పంపొద్దు. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతా పనికిరాదు. అందులో ఏడాదికి లక్ష రూపాయలకి మించి జమ కాదు, సరిగ్గా డబ్బు వచ్చే వేళకి ఆగిపోతుంది. మామూలుగా నెలకి పాతిక వేలు తిరిగే ఖాతాలో ఒక్కసారిగా వందల యూపీఐలు పడితే బ్యాంకుకి అనుమానం వస్తుంది. అందుకే ముందే బ్రాంచి మేనేజర్‌కి ఎస్టిమేట్ కాపీ జతచేసి ఒక ఉత్తరం ఇచ్చి, దాని మీద అందినట్టు సంతకం తీసుకోండి. పది నిమిషాల పని. చేయకపోతే ఆదివారం రాత్రి ఖాతా ఫ్రీజ్ అయి, సోమవారం ఆస్పత్రిలో అడ్వాన్స్ కట్టాల్సి వచ్చినప్పుడు ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

పన్ను సంగతి ఒక్క మాట. నేరుగా ఒక మనిషికి ఇచ్చిన డబ్బుకి, విరాళాల మీద దాతకి దొరికే పన్ను మినహాయింపు (80జీ అంటారు) రాదు. అది రిజిస్టరైన ట్రస్టులకి ఇచ్చినప్పుడే, అదీ నగదు రూపంలో 2,000 దాటితే వర్తించదు. వస్తుందని పోస్టులో రాయకండి. అలాగే బంధువులు కానివాళ్ళ నుంచి ఏడాదిలో 50 వేలకి మించి వచ్చే డబ్బుకి పన్ను ప్రశ్న తలెత్తవచ్చు. కాబట్టి బిల్లులన్నీ దాచి, తెలిసిన ఆడిటర్‌ని ఒకసారి కలవండి.

మూడోది: ఎంత అడగాలి, ఎలా రాయాలి

అందరూ చెడగొట్టేది ఇక్కడే. నిదానంగా చదవండి.

చుట్టూ తిరిగే మెసేజ్‌లు చూడండి. "డాక్టర్లు చేతులెత్తేశారు, మీరే దేవుళ్ళు, ఒక్క రూపాయైనా వేయండి, పది మందికి షేర్ చేయండి." పేరు ఉండదు, ఆస్పత్రి ఉండదు, తేదీ ఉండదు. ఒకప్పుడు "ఈ ఫోటో షేర్ చేస్తే ఫేస్‌బుక్ వాళ్ళు రూపాయి ఇస్తారు" అనే అబద్ధం ఊరూరా తిరిగింది. ఏడిపించే మాటలంటే జనానికి నమ్మకం పోవడానికి అలాంటివే కారణం. ఈ రోజు మీరు ఆ మాటలే వాడితే, మీ కష్టం ఎంత నిజమైనా ఆ అబద్ధాల పక్కనే కూర్చుంటుంది.

నేను రాయించే పద్ధతి ఇది:

"మా నాన్నగారికి 52 ఏళ్ళు. ఖమ్మంలో ఆటో నడుపుతారు. లివర్ పాడైంది, మార్పిడి చేయాలి. లివర్‌లో కొంత భాగం మా అన్నయ్య ఇస్తున్నాడు. ఆస్పత్రి ఎస్టిమేట్ 21 లక్షలు, కాగితం కింద ఉంది. సీఎం రిలీఫ్ ఫండ్ నుంచి 2 లక్షలు మంజూరయ్యాయి. అమ్మ బంగారం తాకట్టు పెట్టి 4 లక్షలు తెచ్చాం. బంధువులు 3 లక్షల 40 వేలు సర్దారు. ఇంకా కావాల్సింది 11 లక్షల 60 వేలు. ఈ నెల 28 లోపు కట్టాలి."

ఇందులో కన్నీళ్ళు పెట్టించే మాట ఒక్కటీ లేదు. అయినా చదివినవాడి చెయ్యి ఆగదు, ఎందుకంటే "అమ్మ బంగారం తాకట్టు" అన్న దగ్గర అతనికి మొత్తం అర్థమవుతుంది. ముందు కుటుంబం ఏం పెట్టిందో చెప్పండి. చాలామంది దీన్ని సిగ్గుగా భావించి దాచేస్తారు. దాచకూడదు. మీరు పెట్టింది కనిపిస్తేనే పక్కవాడు తన వంతు పెడతాడు.

అంకె గుండ్రంగా ఉండకూడదు. పదిహేను లక్షలు, ఇరవై లక్షలు అని వేస్తే ఎవరో నోటికొచ్చింది వేశారనిపిస్తుంది. 11 లక్షల 60 వేలు అంటే ఎవరో కూర్చుని కూడి, తీసివేసి చూశారని తెలుస్తుంది. "ఎలాగూ అడుగుతున్నాం కదా, కాస్త ఎక్కువ వేద్దాం" అనే బంధువు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆయన మాట వినొద్దు. ఎస్టిమేట్‌కీ, మీరు అడిగేదానికీ తేడా ఉంటే పట్టుకునేవాళ్ళు గ్రూపులోనే ఉంటారు. ఒక్కరు "ఇది లెక్క కుదరట్లేదు" అని రాస్తే ఆ గ్రూపు నుంచి ఇక పైసా రాదు.

మధ్యలో ఖర్చు పెరగడం మామూలే. ఐసీయూలో నాలుగు రోజులు ఎక్కువ ఉండాల్సి రావచ్చు. అప్పుడు చప్పుడు చేయకుండా టార్గెట్ మార్చకండి. కొత్త ఎస్టిమేట్ పెట్టి, ఎందుకు పెరిగిందో రెండు లైన్లు రాసి, ఆ తర్వాతే అంకె మార్చండి.

ఇప్పుడు రాయడానికి చెయ్యి రాని వాక్యం. డబ్బు మిగిలితే ఏం చేస్తారో మొదటి రోజే రాయాలి. మనిషి దక్కకపోతే ఏం చేస్తారో కూడా. ఇంట్లో మనిషి ఐసీయూలో ఉండగా ఆ మాట ఎవరు రాయగలరు? అందుకే నేను ఇలా రాయిస్తాను: "చికిత్స ఏ కారణంగా ఆగినా, ఆస్పత్రి బిల్లు కట్టగా మిగిలిన డబ్బు అదే ఆస్పత్రిలో మరో పేషెంట్ బిల్లుకి కట్టి రసీదు పెడతాం." చావు మాట ఎత్తకుండానే అందరికీ అర్థమవుతుంది. తర్వాత నిర్ణయిద్దాం అనుకుంటే, ఆ తర్వాత వచ్చే రోజుల్లో నిర్ణయించే స్థితిలో ఎవరూ ఉండరు. అంత్యక్రియల మధ్య "మిగిలిన డబ్బు ఏమైంది" అని ఎవరైనా అడగడం కంటే పెద్ద గాయం ఇంకోటి లేదు.

ఫోటో సంగతి. ముక్కులో గొట్టాలు, ఒంటి నిండా వైర్లు ఉన్న ఫోటో వద్దు. ముఖ్యంగా పిల్లలది అసలు వద్దు. బాగైన పిల్లవాడు రేపు బడికి వెళ్తాడు. అప్పటికీ ఆ ఫోటో నెట్‌లో ఉంటుంది, వాడి క్లాసు పిల్లల చేతికి చేరుతుంది. మామూలుగా నవ్వుతున్న ఫోటో ఒకటి చాలు. పక్కన ఎస్టిమేట్ కాగితం. ఆ రెండూ ఒకే చిత్రంగా చేసి, దాని మీదే తేదీ, "ఈ విన్నపం ఈ నెల 28 వరకే" అని రాయండి. మెసేజ్‌లో మాటలు కత్తిరించి ఫోటో ఒక్కటే ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఎక్కువ.

నాలుగోది: ఎక్కడ పెట్టాలి

మిలాప్, కెట్టో, ఇంపాక్ట్‌గురు లాంటి విరాళాలు సేకరించే ఆన్‌లైన్ వేదికలున్నాయి. కాగితాలు అడిగి చూస్తాయి, నేరుగా ఆస్పత్రికి పంపే ఏర్పాటు ఉంటుంది. అది మంచిదే, ఆ ఏర్పాటే ఎంచుకోండి. కోత ఎంత, పేమెంట్ గేట్‌వే ఛార్జీలెంత, యాడ్స్ వేస్తామంటే దానికెంత అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. దాత కట్టేచోట వేదికకి టిప్ అని కొంత ముందే కలిపి ఉంటే, దాన్ని తగ్గించుకోవచ్చని మీరే చెప్పండి. తర్వాత చూసుకున్న దాత కోపం వేదిక మీద కాదు, మీ మీదకి వస్తుంది.

అయితే వేదిక మీద పెట్టి కూర్చుంటే డబ్బు రాదు. 2021లో హైదరాబాద్‌లో ఎస్‌ఎంఏ అనే అరుదైన జన్యు జబ్బున్న ఒక పసివాడికి 16 కోట్ల ఇంజెక్షన్ కోసం అరవై వేల మందికి పైగా ఇచ్చారు. దాన్ని చూపించి "మనకి పది లక్షలు రావా" అంటారు. దానికి సినిమా, క్రికెట్ తారలు గొంతు కలిపారు, పేపర్లు, టీవీలు రాశాయి. మనకి అవేవీ ఉండవు. మనకి ఉండేది పదో తరగతి బ్యాచ్, ఆఫీసు, అపార్ట్‌మెంట్, ఊరివాళ్ళు. మొదటి మూడు రోజులు అక్కడే అడగండి, అదీ గ్రూపులో కాదు, ఒక్కొక్కరికి ఫోన్ చేసి. వాళ్ళు వేసిన డబ్బు పేజీలో కనిపించాకే బయటివాళ్ళకి పంపండి. సున్నా దగ్గర ఉన్న పేజీలో మొదటి వెయ్యి వేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు. పోస్టు ఒకటో తేదీ నుంచి ఏడో తేదీ లోపే పెట్టండి. జీతాలు పడిన వారమది.

అమెరికాలో ఉన్నవాళ్ళు గోఫండ్‌మీ అనే అక్కడి విరాళాల సైట్‌లో పెడతామంటారు. ఇండియాలోని ఖాతాకి అది నేరుగా డబ్బు పంపదు. అక్కడ ప్రమాదంలో పోయిన మన విద్యార్థుల కుటుంబాల కోసం అది బాగా ఉపయోగపడింది, ఇక్కడి ఆస్పత్రి బిల్లుకి కాదు. ఇక్కడి ట్రస్టు ద్వారా సేకరిస్తుంటే, విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ళ దగ్గర తీసుకోవడానికి ఆ ట్రస్టుకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు మామూలుగా బ్యాంకు ద్వారా పంపవచ్చు.

మీ పోస్టులో క్యూఆర్ మార్చి తమది అంటించి తిప్పే దొంగలు ఉన్నారు. "ఖాతాదారు పేరు ఇది, స్క్రీన్ మీద ఇదే కనిపించాలి" అని పెద్దగా రాయండి. నకిలీ కనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఐదోది: రోజూ లెక్క

రాత్రి తొమ్మిదికి, ప్రతి రోజూ, రాని రోజు కూడా: "14వ తేదీ. ఈ రోజు వచ్చింది 46,300. ఇప్పటివరకు 5,12,800. ఆస్పత్రికి కట్టింది 4,50,000, రసీదు కింద ఉంది. చేతిలో 62,800."

పెళ్ళిలో చదివింపుల దగ్గర ఒకాయన పుస్తకం పట్టుకుని పేరు, ఊరు, 516 అని రాస్తూ కూర్చుంటాడే, ఆ పని ఇంట్లో ఒకరికి అప్పగించండి. పేషెంట్ పక్కన ఉండే మనిషికి మాత్రం కాదు. పుస్తకంలో అన్ని పేర్లూ ఉండాలి. బయట పెట్టే లెక్కలో మాత్రం ఎవరెంత ఇచ్చారో వద్దు. యాభై వేసినవాడు ఐదు వేల పక్కన తన పేరు చూసి చిన్నబుచ్చుకుంటాడు. యాభై ఇచ్చినవాడికి కూడా విడిగా ఒక్క లైను కృతజ్ఞత పంపండి.

ఆటో, భోజనాలు, అటెండెంట్ గది ఖర్చు కూడా ఈ డబ్బులోంచే తీస్తుంటే అదీ రాయండి. జనం దానికి కోప్పడరు. దాచినట్టు తెలిస్తే మాత్రం మొత్తం దొంగలెక్క అంటారు.

చివర: ముగించడం

డిశ్చార్జ్ అయిన రోజు సేకరణ ఆపండి, టార్గెట్ పూర్తి కాకపోయినా సరే. మందులకి ఇంకా కావాలంటే కొత్త లెక్కతో కొత్తగా అడగండి. ఫైనల్ బిల్లు, మిగిలిన డబ్బు ఎక్కడికి వెళ్ళిందో దాని రసీదు, పెట్టిన ప్రతి గ్రూపులోనూ పెట్టండి. మనిషి దక్కకపోయినా సరే, ఇది పెట్టాలి. కుటుంబం చేయలేకపోతే పుస్తకం రాసినవాళ్ళు చేయాలి.

ఆ తర్వాత పాత పోస్టుల్లో క్యూఆర్ తీసేసి, పైన తేదీతో "సేకరణ ముగిసింది, ఇక డబ్బు పంపకండి" అని రాయండి. వేదికలో పేజీ మూయించండి. అయినా ఎవరో పాత మెసేజ్ తిప్పుతూనే ఉంటారు, ఖాతాలో అడపాదడపా వందలు పడుతూనే ఉంటాయి. పడిన రోజే వెనక్కి పంపండి.