ప్రోగ్రాంతో సిస్టం టైం మార్చేముందు: కొంప మునిగేది వెనక్కి తిప్పినప్పుడే

సంవత్సరాంతం దగ్గర పడింది. జనవరి 1న లైసెన్స్ గడువు సరిగ్గా తీరుతుందా, కొత్త ఏడాది ఇన్‌వాయిస్ నంబర్లు మొదటి నుంచి వస్తాయా అని చూసుకోవడానికి ప్రోగ్రాంలోంచే సిస్టం డేట్ ముందుకు జరిపే రోజులివి. ఈ మధ్యే తెలిసినవాళ్ళ టీంలో ఇదే పని చేశారు. ఒక స్క్రిప్ట్ టెస్ట్ సర్వర్ డేట్‌ని జనవరి 3కి మార్చింది, పరీక్షలన్నీ పాసయ్యాయి, స్క్రిప్ట్ మళ్ళీ అసలు డేట్ పెట్టేసింది. అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు.

అదే సర్వర్‌లో రాత్రిపూట బ్యాకప్ తీసే షెడ్యూలర్ ఒకటి ఉంది. డేట్ ముందుకు వెళ్ళిన ఆ కాసేపట్లోనే అది ఒకసారి లేచి, పని ముగించి, తన టేబుల్‌లో 'తరువాతి రన్' అన్న గడిలో జనవరి 4, రాత్రి 2 గంటలు అని రాసుకుంది. డేట్ వెనక్కి వచ్చింది గానీ ఆ గడిలో రాసింది వెనక్కి రాలేదు. ఇక షెడ్యూలర్ బుద్ధిగా జనవరి 4 కోసం కూర్చుంది. ఎర్రర్ లేదు, అలర్ట్ లేదు. పైగా మానిటరింగ్ స్క్రీన్ మీద పచ్చ రంగే. ఆఖరి బ్యాకప్ ఎప్పటిదని అడిగితే ఇంకా రాని తేదీ కనిపిస్తోంది, అది పాతబడేదెప్పుడు? వారాలు గడిచాక డిస్క్ పోయింది. బ్యాకప్ కోసం వెతికితే అప్పుడు బయటపడింది సంగతి.

ముందే బ్యాకప్ తీసుకోండి, ప్రొడక్షన్ జోలికి వెళ్ళకండి లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: నడుస్తున్న మిషన్‌లో టైంని వెనక్కి తిప్పకండి. ముందుకు జరిపేటప్పుడు ఏదో ప్రమాదకరమైన పని చేస్తున్నామని అందరికీ తెలుసు, కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకునే చేస్తారు. వెనక్కి తెచ్చేటప్పుడు మాత్రం, చిందరవందర చేసింది సర్దేస్తున్నాం అనుకుంటారు. నేను చూసిన నష్టాలన్నీ ఆ సర్దుడులోనే జరిగాయి.

ఎంత వెనక్కి వెళ్తే ప్రమాదం అంటారా? ఒక్క సెకను చాలు. 2017 జనవరి 1న, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రి, ఒక లీప్ సెకను (భూమి తిరుగుడుతో గడియారాలు సరిపోవడానికి కలిపే అదనపు సెకను) కలిసింది. దాని కోసం చాలా మిషన్లలో క్లాక్ ఒక సెకను వెనక్కి వెళ్ళింది. వెబ్‌సైట్లకు నెట్‌వర్క్ సేవలందించే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ డీఎన్‌ఎస్ (సైట్ పేరుకి ఐపీ చిరునామా చెప్పే) సాఫ్ట్‌వేర్‌లో ఒకచోట ఇప్పటి టైంలోంచి ఇందాకటి టైం తీసేసి, ఎంతసేపు పట్టిందో లెక్కేసే కోడ్ ఉంది. టైం వెనక్కి వెళ్ళదని రాసినవాళ్ళ నమ్మకం. ఆ రాత్రి కొన్ని మిషన్లలో ఆ లెక్క సున్నా కంటే తక్కువకు పడిపోయింది. మైనస్ అంకెను ఒప్పుకోని ర్యాండమ్ ఫంక్షన్‌కి అదే అంకె వెళ్ళింది, ప్రోగ్రాం పానిక్ అయింది (లోపం తగిలి పని మధ్యలో వదిలేసింది), కొన్ని డీఎన్‌ఎస్ ప్రశ్నలకు జవాబు రాకుండా పోయింది. ఆ కోడ్ గో భాషలో రాసింది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన గో 1.9లో టైం విలువల లోపలే మోనోటోనిక్ క్లాక్ (తేదీ ఎలా మార్చినా ముందుకే నడిచే క్లాక్) రీడింగ్ కూడా పెట్టారు. వాళ్ళది ఒక్క సెకను. మీరు వెనక్కి తిప్పబోయేది వారాలు.

మొదలుపెట్టే ముందు

అసలు సిస్టం టైం మార్చాలా? పదింట తొమ్మిదిసార్లు అక్కర్లేదు. మీ కోడ్ 'ఇప్పుడు టైం ఎంత' అని నేరుగా ఆపరేటింగ్ సిస్టంని అడగకుండా, మీరు ఇచ్చిన ఒక క్లాక్‌ని అడిగేలా రాయండి. జావా 8 నుంచి ఇందుకోసమే క్లాక్ అనే క్లాస్ ఉంది. డాట్‌నెట్ 8లో టైమ్‌ప్రొవైడర్ వచ్చింది. టెస్ట్‌లో జనవరి 3 అని చెప్పే క్లాక్ ఇస్తే సరి, మిషన్‌లో మిగతా ప్రోగ్రాంలకు ఆ సంగతే తెలియదు. కోడ్ ముట్టుకోవడం కుదరకపోతే లైనక్స్‌లో లిబ్‌ఫేక్‌టైమ్ ఉంది, ఒక్క ప్రాసెస్‌కి మాత్రమే అబద్ధపు టైం చెబుతుంది. అయితే గో ప్రోగ్రాంల దగ్గర, స్టాటిక్‌గా లింక్ చేసినవాటి (కావాల్సిన లైబ్రరీలన్నీ తమలోనే కలుపుకున్నవాటి) దగ్గర దాని పప్పులుడకవు.

సిస్టం టైమే మార్చక తప్పదంటే వర్చువల్ మిషన్‌లో (అసలు మిషన్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మిషన్‌లో) మార్చండి. స్నాప్‌షాట్ (ఆ క్షణంలో మిషన్ మొత్తం స్థితికి నకలు) తీసి, డేట్ ముందుకు జరిపి, పరీక్ష చేసి, ఆ మిషన్‌ని మొత్తంగా పారేసి స్నాప్‌షాట్‌కి వెళ్ళండి. డేట్ మాత్రమే వెనక్కి పెట్టడం వేరు, డిస్కూ మెమరీ కూడా పాత స్థితికి వెళ్ళడం వేరు. రెండో దాంట్లో జనవరి 4 అని రాసుకున్న గడే మిగలదు. స్నాప్‌షాట్ తీసే ముందు హోస్ట్‌తో (దాన్ని నడిపే అసలు మిషన్‌తో) టైం సింక్ ఆపండి. లేకపోతే పరీక్ష మధ్యలో మీరు పెట్టిన డేట్‌ని అదే వెనక్కి లాగేస్తుంది.

కంటైనర్ (ఒకే ఆపరేటింగ్ సిస్టం మీద ప్రోగ్రాంని విడిగా నడిపే ఏర్పాటు) ఉందిగా అనుకోకండి. కంటైనర్‌కి సొంత టైం లేదు. లైనక్స్ 5.6లో వచ్చిన టైం నేమ్‌స్పేస్‌లు (కొన్ని ప్రాసెస్‌లకు వేరే క్లాక్ చూపే ఏర్పాటు) కూడా మోనోటోనిక్, బూట్‌టైమ్ (మిషన్ లేచినప్పటి నుంచి లెక్కపెట్టే) క్లాక్‌లకే వర్తిస్తాయి, తేదీ చూపించే క్లాక్‌కి కాదు. అనుమతి ఇచ్చి కంటైనర్ లోపల డేట్ మార్చారంటే హోస్ట్ డేట్ మారుతుంది, పక్కనున్న కంటైనర్లన్నిటికీ మారుతుంది.

కోడ్ రాసేటప్పుడు

అందరూ రాసే కోడ్ ఇలా ఉంటుంది: ఇప్పటి టైంని ఒక వేరియబుల్‌లో దాచు, కొత్త డేట్ పెట్టు, పరీక్ష నడుపు, దాచిన టైం తిరిగి పెట్టు. చదవడానికి ముచ్చటగా ఉంది. కానీ పరీక్షకి 7 నిమిషాలు పడితే, ఆఖరి లైను పెట్టేది 7 నిమిషాల కిందటి టైం. మళ్ళీ నడిపితే 14 నిమిషాలు వెనక. పరీక్ష మధ్యలో ప్రాసెస్‌ని ఎవరో చంపేస్తే ఆఖరి లైను అసలు నడవనే నడవదు, మిషన్ జనవరిలోనే ఉండిపోతుంది. దాచాల్సింది టైం ఒక్కటే కాదు, ఆ క్షణంలో మోనోటోనిక్ క్లాక్ రీడింగ్ కూడా. మధ్యలో గడిచిన సేపు దాన్నిబట్టే తెలుస్తుంది. అయినా సరే, ఇది కూడా వెనక్కి తిప్పడమే. పారేయబోయే మిషన్‌లో తప్ప వద్దు.

విండోస్‌లో సెట్ సిస్టమ్ టైమ్ అనే ఫంక్షన్‌కి ఇవ్వాల్సింది యూటీసీ, సెట్ లోకల్ టైమ్‌కి ఇవ్వాల్సింది స్థానిక సమయం. ఒకదాని బదులు ఇంకొకటి పిలిస్తే టైం జోన్ తేడా అంతా మీ నెత్తిన పడుతుంది. డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి) ఉన్న జోన్‌లో ఇంకో విడ్డూరం ఉంది. సెట్ లోకల్ టైమ్ మీరు పెట్టబోయే తేదీకి కాకుండా ప్రస్తుత తేదీకి ఉన్న డేలైట్ సెట్టింగ్‌తో లెక్క కడుతుంది. అందుకే ఆ ఫంక్షన్‌ని వరసగా రెండుసార్లు పిలవమని మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషనే చెబుతుంది.

రిటర్న్ విలువ చూడండి. సరైన హక్కు లేకపోతే టైం మారదు. మీ పరీక్ష మాత్రం పాత డేట్‌తోనే నడిచి పాసయిందని చెబుతుంది.

సెకనో అరసెకనో తేడా సరిచేయడానికైతే టైంని గెంతించకండి, మెల్లగా జరపండి. లైనక్స్‌లో అడ్జ్‌టైమ్ సెకనుకు అర మిల్లీసెకను చొప్పున సర్దుతుంది. అంటే ఒక సెకను తేడా పోవడానికి 2,000 సెకన్లు, అరగంట దాటుతుంది. పట్టనివ్వండి. మిషన్ టైం ముందుకు ఉన్నా అది వెనక్కి వెళ్ళదు, నడక నెమ్మదిస్తుందంతే. ఎవరి లెక్కలోనూ మైనస్ రాదు.

ఇక మిగిలినవి, వరస ఏమీ లేదు

- గడిచిన సేపు కొలవడానికి తేదీ క్లాక్ వాడకండి. పైథాన్‌లో టైమ్.మోనోటోనిక్, జావాలో నానోటైమ్ ఉన్నవి అందుకే.

- టైం సింక్ సర్వీస్ ఆపకుండా డేట్ ముట్టుకోకండి. లైనక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్ అయితే ఆటో సింక్ ఆన్‌లో ఉందని చెప్పి మొరాయిస్తుంది. మీ ప్రోగ్రాం నేరుగా పిలిచే క్లాక్ సెట్‌టైమ్‌కి ఆ మొహమాటం లేదు. టైం సింక్ చేసే ఎన్‌టీపీడీ మామూలుగా 1,000 సెకన్లకు మించిన తేడా చూస్తే, సరిచేయకుండా తానే ఆగిపోతుంది. ఆగిపోయిందని మీకెవరూ చెప్పరు.

- వెనక్కి తిప్పకండి.

- డేట్ మార్చే ముందు ఆ మిషన్ కన్సోల్‌లో ఒక అడ్మిన్ సెషన్ తెరిచి ఉంచండి. కంపెనీ నెట్‌వర్క్‌లలో వాడే కెర్బెరోస్ లాగిన్‌కి మామూలుగా 5 నిమిషాల తేడా వరకే చెల్లుతుంది. యాప్‌లో వచ్చే ఓటీపీ సాధారణంగా 30 సెకన్లకోసారి మారుతుంది. డేట్ జరిపాక బయటి నుంచి లోపలికి వెళ్ళే దారి మూసుకుపోవచ్చు.

- 30 రోజులు దాటిన ఫైళ్ళు తుడిచే స్క్రిప్ట్‌లు ముందే ఆపండి. డేట్ ఏడాది ముందుకు జరిపితే వాటి కళ్ళకు అన్నీ పాత ఫైళ్ళే.

- బయటి నుంచి వచ్చిన టైంని కళ్ళు మూసుకుని పెట్టకండి. 2012 నవంబర్ 19న అమెరికా నౌకాదళ అబ్జర్వేటరీ టైం సర్వర్లు కాసేపు 2000 సంవత్సరం అని చెప్పాయి, నమ్మిన మిషన్లు ఏకంగా పన్నెండేళ్ళు వెనక్కి వెళ్ళాయి. మీ ప్రోగ్రాం బిల్డ్ తేదీ కంటే ముందరి తేదీ వస్తే తోసిపుచ్చండి.

- ఒక్క టైం సర్వర్ మాటే వినకండి. కనీసం నాలుగింటిని అడగండి.

- 1970కి ఎప్పుడూ వెళ్ళకండి, సరదాకి కూడా. 2016లో కొన్ని ఐఫోన్లు 1970 జనవరి 1 పెట్టి రీస్టార్ట్ చేస్తే లేవకుండా పోయాయి.

- 2038 జనవరి 19 దాటి పరీక్షించాలంటే పారేసే మిషన్‌లోనే. తేదీని 32 బిట్లలో దాచుకునే పాత సాఫ్ట్‌వేర్ అక్కడ 1901కి పడిపోతుంది. అది కూడా వెనక్కి తిరగడమే, ఈసారి మీరు తిప్పకుండానే.

- క్లస్టర్‌లో (కలిసి ఒకే పని చేసే మిషన్ల గుంపులో) ఉన్న ఒక్క మిషన్ డేట్ మార్చకండి. కసాండ్రా లాంటి డేటాబేస్‌లో రెండు విలువల్లో తరువాతి టైంస్టాంప్ (రాసిన టైం గుర్తు) ఉన్నదే నెగ్గుతుంది. జనవరి 3 అని రాసిన రికార్డుని ఇవాళ మీరు ఎన్నిసార్లు సరిచేసినా పాతదే నిలుస్తుంది. డిలీట్ చేసినా పోదు.

- సిస్టం టైం మారిందంటే హార్డ్‌వేర్ క్లాక్ (మిషన్ ఆపినా బ్యాటరీతో నడిచేది) కూడా మారిందని కాదు. రీబూట్ చేసి చూడండి.

- వెనక్కి తిప్పకండి, 'ఒక్క నిమిషమే కదా' అన్నా సరే.

- ఇప్పటికే తిప్పేశారా? మళ్ళీ ముందుకు తోయకండి, తప్పు రెండింతలవుతుంది. సర్వీసులన్నీ ఆపండి. టైం సింక్ నడిపించి సరైన టైం తెచ్చుకోండి. తరువాత డేటాబేస్‌లో ప్రతి టేబుల్‌లో, ప్రతి తేదీ కాలమ్‌లో ఇప్పటి టైం దాటి భవిష్యత్తులోకి పోయిన విలువలు వెతకండి: షెడ్యూలర్ టేబుల్ మొదట, ఆ తరువాత లాగిన్ టోకెన్లు, క్యూలు, కాష్‌లు. డిస్క్ మీద రాబోయే తేదీ ఉన్న ఫైళ్ళు కూడా వెతకండి, బిల్డ్ టూల్స్, సింక్ టూల్స్ వాటిని చూసి మోసపోతాయి. డేట్ ముందుకు ఉన్న వేళలో జారీ అయిన సర్టిఫికెట్లు రద్దు చేసి కొత్తవి తీసుకోండి. అంతా అయ్యాక మిషన్ రీబూట్ చేసి సర్వీసులు ఒక్కొక్కటిగా లేపండి. ఆ రాత్రి బ్యాకప్ నిజంగా నడిచిందో లేదో పచ్చ లైటు చూసి కాదు, ఫైల్ తెరిచి చూడండి.