కొత్త హీరోతో పాత సిరీస్‌ని మళ్లీ మొదలుపెట్టడం ఎలా: 'క్యాసినో రాయల్'ని విప్పి చూసే పద్ధతి

ఏళ్ల తరబడి నడిచిన సిరీస్‌లో హీరో మారితే, రచయితకి ముందుగా తోచేది పాత హంగులన్నీ కొత్త మనిషికి తొడిగేయడం. 2006లో వచ్చిన జేమ్స్ బాండ్ గూఢచారి సినిమా 'క్యాసినో రాయల్' దానికి ఎదురు దారి పట్టింది. కొత్త బాండ్ డేనియల్ క్రెయిగ్ దగ్గర్నుంచి ఆ పాత్ర హంగులన్నీ లాగేసుకుని, ఒక్కొక్కటీ సంపాదించుకోమంది. స్క్రిప్టు రాసేవాళ్లు ఈ సినిమాని చదువుకోవాల్సిన తీరు ఇది. కథ మొత్తం బయటపడుతుంది కాబట్టి చూడనివాళ్లు ముందు చూసి రండి.

మొదట రెండు పాత సినిమాలు చూడాలి. 'గోల్డెన్ ఐ' (1995) ఎందుకంటే, పియర్స్ బ్రాస్నన్‌ని బాండ్‌గా పరిచయం చేసిన మార్టిన్ క్యాంప్‌బెలే క్రెయిగ్‌నీ పరిచయం చేశాడు. దర్శకుడు ఒక్కడే కాబట్టి రెండు ఎంట్రీలకీ తేడా రాతలో ఎక్కడుందో సులువుగా దొరుకుతుంది. 'డై అనదర్ డే' (2002)లో కంటికి కనిపించని కారు దాకా వెళ్లారు. అక్కడి నుంచి నేలమీదికి ఎందుకు దిగాల్సొచ్చిందో ఆ సినిమా చూస్తేనే అర్థమవుతుంది.

తర్వాత నోట్‌బుక్‌లో ఐదు వరుసలు గీయండి: డబుల్ ఓ హోదా (చంపడానికి అనుమతి ఉన్న గూఢచారి హోదా, 007లోని ఆ రెండు సున్నాలు), కారు, సూటు, థీమ్ మ్యూజిక్, 'బాండ్, జేమ్స్ బాండ్' అని పేరు చెప్పే డైలాగు. ప్రతిదాని పక్కన రెండు గడులు: ఎప్పుడు దొరికింది, దానికోసం ఏం పోగొట్టుకున్నాడు. 144 నిమిషాల సినిమా, ఒక్క బిగిన చూస్తూ నింపడం కష్టం. మొదటిసారి మొదటి గడి, రెండోసారి రెండో గడి నింపండి.

హోదా మొదట్లోనే వస్తుంది. ప్రాగ్‌లో, బ్లాక్ అండ్ వైట్‌లో. రెండు హత్యలు చేస్తేనే ఆ హోదా. బాత్రూమ్‌లో జరిగే మొదటిది మోటుగా, ఊపిరాడని పెనుగులాటలా ఉంటుంది. ఆఫీసు గదిలో రెండోది ఒక్క క్షణంలో అయిపోతుంది. బాండ్ సినిమాల మొదట్లో అలంకారంగా వచ్చే తుపాకీ గొట్టం షాట్ (గొట్టంలోంచి కనిపించే బాండ్ మనవైపు తిరిగి కాల్చేది) ఇక్కడ ఆ బాత్రూమ్ సీన్లోంచే పుడుతుంది. పాత ముద్రని కథలో ఎలా కలపాలో నేర్చుకోవడానికి ఈ ఒక్క కట్ చాలు.

కారు, అంటే 1964 నాటి ఆస్టన్ మార్టిన్ డీబీ5, బహామాస్‌లో పేకాటలో గెలుచుకున్నది. డిన్నర్ జాకెట్‌ని, పేకాట డబ్బు చూసుకోవడానికి ప్రభుత్వ ఖజానా పంపిన వెస్పర్ తెచ్చిస్తుంది, చూపుతోనే కొలత తీసుకుని. వెస్పర్ మొదటిసారి కనిపించేసరికే దాదాపు గంట సినిమా అయిపోతుంది. తొందరపడకపోవడం ఈ రచనలో పెద్ద బలం.

పేకాట దగ్గర ఎక్కువసేపు ఆగండి. బాండ్‌ని సృష్టించిన రచయిత ఇయాన్ ఫ్లెమింగ్ 1953 నవలలో ఆట బాకరా అనే పేకాట, సినిమాలో టెక్సాస్ హోల్డెమ్ అనే పోకర్. చేతిలో రెండు ముక్కలు, బల్లమీద అందరివీ ఐదు, ఏడింట్లో మంచి ఐదు ఎంచుకోవాలి. ప్రవేశానికి కోటి డాలర్లు. బల్లకి అవతలున్న విలన్ ల షిఫ్ర్ ముఖంలో ఒక అలవాటు పట్టేశానని నమ్మి, బాండ్ ఆ కోటీ పోగొట్టుకుంటాడు. మళ్లీ కూర్చోవడానికి 50 లక్షలు వెస్పర్ ఇవ్వనంటుంది, సీఐఏ మనిషి ఫీలిక్స్ లైటర్ ఆ డబ్బు ఇస్తాడు. చివరి ఆటలో షిఫ్ర్‌వి మూడు ఆసులు, రెండు ఆరులు. బాండ్‌వి ఇస్పేటు నాలుగు నుంచి ఎనిమిది దాకా. రమ్మీ ఆడేవాళ్లకి వివరించక్కర్లేదు, ప్యూర్ సీక్వెన్స్. కానీ రాసుకోవాల్సింది ఆ ముక్కల గురించి కాదు. పొగరుతో ఓడి, ఇంకొకరి డబ్బుతో గెలిచాడు. ఓడిన కోపంలో ఉండగానే మార్టినీ కుదపాలా, కలపాలా అని బార్‌మన్ అడిగితే నాకేం పట్టిందన్నట్టు విసుక్కుంటాడు. 'కుదపాలి, కలపకూడదు' అని బాండ్ మార్టినీ అడిగే నలభై ఏళ్ల నాటి డైలాగుని ఆ మనిషి మూడ్‌తో తిరగేశారు.

థీమ్ మ్యూజిక్, పేరు చెప్పే డైలాగు రెండూ ఆఖరి షాట్‌లో కలిసి వస్తాయి. అప్పటికి వెస్పర్ చనిపోయింది. రెండో గడిలో ఆమె పేరు రాయండి.

అన్నీ తీసేస్తే ప్రేక్షకుడికి పట్టు దొరకదు. అందుకే బ్రాస్నన్ కాలం నుంచి బాండ్ పైఅధికారి ఎమ్ పాత్ర వేస్తున్న జూడీ డెంచ్‌ని ఉంచేశారు. ఆయుధాలు, పరికరాలు తయారుచేసిచ్చే క్యూ, ఎమ్ సెక్రటరీ మనీపెన్నీ మాత్రం 2012లో 'స్కైఫాల్' దాకా రారు. పాతవాళ్లలో ఒక్కరిని నిలపండి, అది హీరోని తిట్టగలిగే పాత్రయితే మరీ మంచిది.

ఈ పద్ధతి తర్వాతి క్రెయిగ్ సినిమాల్లో రెండు చోట్ల చెడింది. 'క్వాంటమ్ ఆఫ్ సొలేస్' (2008) రచయితల సమ్మెలో చిక్కి, స్క్రిప్టు పూర్తికాకుండానే షూటింగ్‌కి వెళ్లింది. ఆ 106 నిమిషాల్లో పరుగు ఉంది, ఊపిరి తీసుకునే చోటు లేదు. 'స్పెక్టర్' (2015) విలన్‌ని బాండ్ చిన్ననాటి ఇంటికి ముడిపెట్టింది. 'క్యాసినో రాయల్' అనాథ బాల్యాన్ని రైల్లో వెస్పర్ ఊహగా రెండు మాటల్లో తేల్చేసి, గాయాన్ని కళ్లముందే చేసింది. కథకి బలం అక్కడుంది, ఫ్లాష్‌బ్యాక్‌లో కాదు.

ఇప్పుడు అదే పట్టిక మీ హీరోకి గీయండి. జనం అతన్నుంచి ఆశించే ఐదు హంగులు రాసుకుని, మొదటి పది నిమిషాల్లో ఒకటికి మించి ఇవ్వకండి. ఏ వరుసలోనైనా రెండో గడి ఖాళీగా మిగిలితే, ఆ సీను మళ్లీ రాయాలి.