లోడ్ ఎత్తే పని నేర్చుకుందాం – 4వ పాఠం: బెల్టు పొట్టిదైతే ఏటవుతాది

పోయిన పాఠంలో బరువు లెక్క చూశాం, ఇనప ప్లేటు ఒక చదరపు మీటరుకి ఒక్కో మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు అని. అది ఇంకా పట్టుబడకపోతే ముందు అది చూసుకొని రండి, ఈ పాఠం దాని మీదే నిలబడి ఉంది.

ఈ రోజు స్లింగ్ కోణం, అంటే లోడుని హుక్కుకి తగిలించే బెల్టు (అదే స్లింగ్) ఎంత వాలుగా ఉందీ అని. నా లెక్కలో అన్ని పాఠాల్లో ఇదే ముఖ్యం. కొన్నేళ్ల కింద రాయగడ దగ్గర ఒక మిల్లు షట్‌డౌన్‌లో గేర్‌బాక్స్ దించుతున్నాం, 1.6 టన్నులు అని దాని ప్లేటు మీదే ఉంది, మా దగ్గర ఊదా రంగు బెల్టులు రెండు, ఒక్కోటి 1 టన్ను, రెండూ కలిపి 2 టన్నులు కదా చాలు అనుకున్నాం, పైన బీము బాగా కిందికి ఉండి హుక్కుకి ఎత్తు దొరకట్లేదని పొట్టి బెల్టులే తగిలించాం. అడుగెత్తు లేచింది, అంతే, ఒక బెల్టు టప్‌మని తెగింది. దాని అంచు ముందే కోసుకుపోయి ఉంది, మేము చూడలేదు. మాతో ఉన్న కలాసీ అన్న పాదం నలిగిపోయింది. ఆయన మళ్లీ ఈ పనికి రాలేదు.

ఎందుకు తెగింది? ఇద్దరు కలిసి నీళ్ల బకెట్‌ని తాడుతో పట్టుకోండి. దగ్గరగా నిలబడితే తేలిక, ఒక్కో అడుగు దూరం జరిగే కొద్దీ చేతులు లాగేస్తాయి, బకెట్ బరువు మాత్రం పెరగలేదు. తాడు పైకి మొయ్యడంతో పాటు పక్కకి కూడా లాగాల్సి వస్తాది, అందుకే.

కోణం కొలిచే సామాను అక్కర్లేదు, టేపు చాలు. హుక్కు నుంచి కొక్కెం (లోడు మీద బెల్టు తగిలించే చోటు) దాకా బెల్టు పొడుగు కొలవండి, హుక్కు నుంచి నిట్టనిలువుగా కొక్కేల మట్టం దాకా ఎత్తు కొలవండి. రెండు కాళ్లయితే, అంటే రెండు బెల్టులు కడితే, సగం బరువుని పొడుగుతో గుణించి ఎత్తుతో భాగిస్తే ఒక్కో బెల్టు మీద పడే లాగుడు వస్తాది.

మా గేర్‌బాక్స్ కొక్కేల మధ్య దూరం 2.4 మీటర్లు. 2 మీటర్ల బెల్టు కట్టి ఉంటే ఎత్తు 1.6, ఒక్కోదాని మీద సరిగ్గా 1 టన్ను. 1.5 మీటర్లదైతే ఎత్తు 0.9, లాగుడు 1.33 టన్నులు. మేము కట్టింది 1.3 మీటర్లది, ఎత్తు అర మీటరే, చేసి చూడండి, 2.08 వస్తాది! అదే గేర్‌బాక్స్, అదే రంగు బెల్టు, రెట్టింపు పైన. బెల్టుకి ఏడింతల బలం ఉంటాది కదా అంటారు కొందరు, ఆ బలం కుదుపులకీ అరుగుదలకీ ఉంచింది, మనం లెక్కలో వాడుకోడానికి కాదు తమ్ముళ్లూ.

గుర్తుకి ఒకటి (కోణం అంటే అడ్డంగా ఉన్న కొక్కేల మట్టం నుంచి బెల్టు దాకా): కొక్కేల మధ్య దూరం బెల్టు పొడుగుతో సమానమైతే 60 డిగ్రీలు, అక్కడిదాకా పర్లేదు. ఎత్తు బెల్టు పొడుగులో సగమే ఉంటే 30 డిగ్రీలు, ఒక్కో బెల్టు మొత్తం బరువు మోస్తాది, అలా ఎత్తకండి. బీము అడ్డొస్తే ఎక్కువ టన్నులు మోసే రంగు బెల్టు తెప్పించండి, పచ్చ 2 టన్నులు, పసుపు 3, లేదా స్ప్రెడర్ బీమ్ (బెల్టులు నిలువుగా దిగేలా మధ్యలో అడ్డంగా పెట్టే దూలం) అడగండి, షిఫ్ట్ ఆలస్యమైనా సరే. నాలుగు కాళ్లు కట్టినా బరువు రెండింటి మీదే పడిందనుకొని లెక్కెయ్యండి, గట్టి లోడ్ నాలిగింటి మీదా సమానంగా కూర్చోదు.

ఇంటి పని: 3 టన్నుల మోటార్, కొక్కేల మధ్య 1.2 మీటర్లు, బెల్టు 1 మీటరు. ఎత్తు ముందు కనుక్కోండి (0.8 రావాలి), తర్వాత ఏ రంగు బెల్టో చెప్పండి. వచ్చే పాఠంలో సైగలు, ఒడియా ఆపరేటరూ తెలుగు కలాసీ ఉన్న చోట ఆరియా (దించు), హబీస్ (ఎత్తు) అని అరిచే బదులు చేత్తో ఎలా చెప్పాలో.