కుండీలో ఆకు పసుపెక్కితే ఏం చేయాలి? బరంపురం నుంచి జయపురం దాకా ఇంటి మొక్కల వైద్యం

ఆకు పసుపెక్కింది అనగానే మన ఇళ్లలో మొదట జరిగేది చెంబెడు నీళ్లు పోయడం. మర్నాడు గుప్పెడు యూరియా. అప్పటికీ మారకపోతే, యూట్యూబ్‌లో గుంటూరు వైపు వాళ్లెవరో చెప్పారని అన్నభేది (ఇనుము అందించే ఫెర్రస్ సల్ఫేట్) తెచ్చి కలపడం. ఈ మూడూ అయ్యాక కూడా మొక్క బతికిందంటే అది మొక్క గొప్పతనమే. ఒడిశాలోని మన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం ఇళ్లలో కుండీల సంగతి వేరు. సముద్రానికి దగ్గరైతే చాలాచోట్ల బోరు నీళ్లలో ఉప్పు. కొండల వైపు వెళ్తే ఆమ్లగుణం ఉన్న ఎర్రమట్టి. నల్లరేగడి నేలకి చెప్పిన మందు ఇక్కడ పనిచెయ్యకపోవడంలో వింతేం లేదు. అందుకే మందు కొనేముందు కింది వరుసలో చూసుకుంటూ వెళ్లండి. ఎరువు ఆఖరున.

1. పసుపు ఏ ఆకుతో మొదలైందో చూడండి

అడుగు ఆకులా, చిగురాకులా? ఇదొక్కటి తేలితే సగం రోగం దొరికినట్టే. నత్రజని, మెగ్నీషియం, పొటాష్ చాలనప్పుడు మొక్క వాటిని పాత ఆకుల్లోంచి లాగి చిగురుకి పంపుతుంది. కాబట్టి ముందు పోయేది అడుగు ఆకులే. ఇనుము, కాల్షియం అలా కదలవు, వాటి లోటు చిగుళ్లలో బయటపడుతుంది.

తర్వాత ఈనెలు చూడండి. అడుగు ఆకు ఈనెతో సహా ఒకే తీరుగా వెలిసిపోతే నత్రజని తక్కువైనట్టు. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే రెండు దారులు: అడుగు ఆకుల్లో అయితే మెగ్నీషియం, చిగుళ్లలో అయితే ఇనుము. పాత ఆకుల అంచులు మాడితే పొటాష్ లోటు కావచ్చు, ఉప్పు కావచ్చు. ఎప్పుడో ఒక అడుగు ఆకు పండి రాలితే అది రోగం కాదు, దాని వయసైపోయింది అంతే.

అయితే వేళ్లు చెడినా ఇవే గుర్తులు కనిపిస్తాయి. మట్టిలో అన్నీ ఉన్నా తీసుకునే వేరు లేనప్పుడు ఆకు పస్తే ఉంటుంది. అందుకే రెండో మెట్టు దాటెయ్యకండి.

2. మట్టిలో వేలు పెట్టండి, అనుమానం ఉంటే వేళ్లు చూడండి

చూపుడువేలు రెండు కణుపుల లోతు గుచ్చండి. పైన పొడిగా కనబడినా లోపల చల్లగా, వేలికి అంటుకునేలా ఉంటే నీళ్లు ఆపెయ్యండి. గంజాం కోస్తాలో వానాకాలమంతా గాలిలోనే తేమ. ఆ నెలల్లో నీడలో ఉన్న మనీప్లాంట్‌కో, స్నేక్ ప్లాంట్‌కో రోజూ నీళ్లు పొయ్యడమంటే వేళ్లు కుళ్లబెట్టడమే. ఇంట్లో అమ్మ ఓసారి, అత్తయ్య ఓసారి, పనమ్మాయి ఓసారి పోస్తుంటే ఆ పని ఒక్కరికే అప్పజెప్పండి.

ఇంకో చిక్కు ఉంది. మన నర్సరీల్లో చాలా మొక్కలు కడియం వైపు నుంచి లారీల్లో వస్తాయి. వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద కట్టి ఉంటుంది. దాన్ని అలాగే కోకోపీట్ కలిపిన మట్టిలో దించేస్తే చుట్టూ మట్టి ఆరిపోయినా ముద్ద తడిగానే ఉండిపోతుంది. ఒకసారి ఎండి బిగుసుకుందా, పోసిన నీళ్లు పక్కనుంచి జారి కింద పళ్లెంలోకి వచ్చేస్తాయి, ముద్ద లోపలికి పోవు. పైకి మాత్రం కుండీ తడిసినట్టే ఉంటుంది. కొత్త మొక్క తేగానే బకెట్ నీళ్లలో కాసేపు నానబెట్టి ఆ బంకమట్టిని సగమైనా వదిలించి నాటండి.

ఆకులు మెత్తబడి పసుపెక్కుతున్నా, మట్టి తడిగా ఉన్నా వాడినట్టు వేలాడుతున్నా మొక్కను బయటికి తీసి చూడాల్సిందే. కుండీని పక్కకు పడుకోబెట్టి, అంచు చుట్టూ అరచేత్తో తట్టి, మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా లాగండి. మంచి వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉండి గట్టిగా తగులుతుంది. కుళ్లిన వేరు నల్లబడి ఉంటుంది. రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే పైతోలు జారి చేతికొచ్చేసి లోపల సన్నటి నార మిగులుతుంది. మట్టి మురుగు వాసన కొడుతుంది. కుళ్లిందంతా శుభ్రమైన కత్తెరతో కోసేసి, ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు తలా ఒక వంతు కలిపి కొత్తగా నాటండి. ఇసుక అంటే ఏటి ఇసుక. రుషికుల్యదైనా వంశధారదైనా సరే, గోపాల్‌పూర్ బీచ్ ఇసుక మాత్రం వద్దు. కొట్లో ఒడియాలో నిమ పిడియా అని అడిగితే వేపపిండి ఇస్తారు, అదీ ఓ గుప్పెడు కలపవచ్చు. కొత్త వేళ్లు పట్టేదాకా నీడలో ఉంచండి, రసాయన ఎరువు ముట్టించకండి.

3. ఏ నీళ్లు పోస్తున్నారో చూడండి

ఆకుల కొసలు గోధుమరంగుకి తిరిగి, మట్టి మీదా కుండీ అంచునా తెల్లటి పొర కడితే అది ఉప్పు. బోరు నీళ్లతో వచ్చేది కొంత. ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే నీళ్లు వృథా పోనివ్వకుండా మొక్కలకి పోస్తారు కొందరు. ఉప్పంతా చేరేది ఆ నీళ్లలోనే. గిన్నెలు తోమడానికి వాడుకోండి. బియ్యం కడిగిన నీళ్లతో ఇబ్బంది లేదు గానీ, ఉప్పు వేసిన తరవాణి మిగిలితే కుండీలో వంపకండి.

మందు తేలికే. కుండీని బయట పెట్టి, అందులో పట్టే మట్టికి రెండింతల మంచినీళ్లు మెల్లగా పోసి కింది కన్నంలోంచి పూర్తిగా కారనివ్వండి. వాన నీళ్లు, ఏసీ నీళ్లు దీనికి బాగా పనికొస్తాయి. పళ్లెంలో చేరిన నీళ్లు పారబొయ్యండి, లేకపోతే ఉప్పు మళ్లీ పైకెక్కుతుంది.

తుపాను గాలీ ఉప్పు మోసుకొస్తుంది. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ లాంటిది వచ్చినప్పుడు, సముద్రం వైపున్న ఆకులు ఒక్కసారిగా మాడిపోతే తెగులనుకుని మందు కొట్టకండి. ఆకులు మంచినీళ్లతో కడిగితే చాలు.

4. ఆకు వెనక్కి తిప్పండి

ఆకు మీద సన్నటి తెల్ల చుక్కలు పడి రంగు వెలిసిపోతుంటే, కింద తెల్లకాగితం పట్టి ఆకును తట్టండి. రాలిన చుక్కలు కదిలితే ఎర్రనల్లి. ఎండాకాలం దాని కాలం. ఈనెల దగ్గర దూదిలా ఉంటే పిండినల్లి. రెంటికీ ముందు నీళ్ల ధారతో ఆకు వెనక కడగడం, ఆపైన లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ. వారానికోసారి, మూడు వారాలు. కరివేపాకు, తులసి నోట్లోకి పోయేవి కాబట్టి వాటికి పురుగుమందుల జోలికి పోవద్దు.

గోధుమ మచ్చ, చుట్టూ పసుపు వలయం ఉంటే ఆకుమచ్చ తెగులు కావచ్చు. ఆ ఆకులు తుంచి పారేసి, సాయంత్రం ఆకుల మీద నీళ్లు చల్లడం మానండి.

5. ఎండ, చలి

నర్సరీ నీడలో పెరిగిన మొక్కను తెచ్చి డాబా మీద పెడితే ఎండ తగిలిన వైపు ఆకులు తెల్లగా కాలతాయి. చీకటి మూల పెడితే మొక్కంతా వెలిసిపోయి సాగుతుంది. కోరాపుట్, సిమిలిగుడ వైపు డిసెంబరు, జనవరి చలికి కరివేపాకు పసుపెక్కి ఆకు దులిపేస్తుంది. దానికి మందు అక్కర్లేదు. నీళ్లు తగ్గించి, వేడెక్కేదాకా ఊరుకోండి.

6. ఇవన్నీ దాటాకే ఎరువు

నత్రజని లోటైతే నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్ట్ చాలు. మెగ్నీషియం తక్కువైతే లీటరు నీళ్లకి చిన్న చెంచాడు, అంటే 5 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ కరిగించి నెలకోసారి మట్టిలో పొయ్యండి. వానలకి మెగ్నీషియం కొట్టుకుపోయే మన ఎర్రమట్టిలో ఎక్కువగా పనిపడేది దీనితోనే.

అన్నభేది కొనేముందు చిన్న పరీక్ష చెయ్యండి. చెంచాడు ఎండుమట్టి మీద వెనిగర్ పొయ్యండి. బుసబుసా పొంగితే మట్టిలో సున్నం ఎక్కువుంది, ఇనుము ఉన్నా వేరుకి అందదు. అప్పుడు లీటరుకి 2 గ్రాముల అన్నభేది, చిటికెడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి చల్లపూట ఆకులకి పిచికారీ చెయ్యండి. పొంగకపోతే అన్నభేది మీద డబ్బు పెట్టేముందు మళ్లీ వేళ్లు చూడండి. ఎర్రమట్టికి ఆ రంగు ఇచ్చిందే ఇనుము.

పూర్తిగా పసుపైన ముదురాకు మళ్లీ పచ్చబడదు, కత్తిరించెయ్యండి. ఏ వైద్యం మొదలుపెట్టినా ఆ రోజు ఉన్న చిగురు కింద కాడకి దారం ముక్క కట్టండి. మందు పనిచేసిందా లేదా అన్నది ఆ దారానికి పైన వచ్చిన ఆకుల్లోనే చూడాలి.