ఇంటింటి ఆరోగ్య సర్వే నేర్చుకుందాం - 4: తలుపు తీసినవారినే అడగొచ్చా?

కిందటి భాగంలో ఇళ్లను లాటరీ పద్ధతిలో ఎంచుకోవడం చూశాం. ఇప్పుడు గడప దాకా వచ్చాం. ఇంట్లో ఎవరిని అడగాలి?

కొత్తగా చేరినవాళ్లు చాలామంది తలుపు తీసినవారినే కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెడతారు. సర్వే దెబ్బతినేది అక్కడే. పగటిపూట ఇంటిపట్టున దొరికేది ఎక్కువగా వయసు మళ్లినవారు, ఇంటి పని చూసుకునేవారు. పనికి వెళ్లిన మగవాళ్లు, పడుచువాళ్లు లెక్కలోకే రారు. పొగతాగే అలవాటు వాళ్లలోనే ఎక్కువగా ఉంటే దేశం మొత్తానికి ఆ అంకె తగ్గిపోతుంది. వయసుతో పాటు పెరిగే రక్తపోటు అంకేమో ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. రెండూ తప్పే. పైగా ఎన్ని వేల ఇళ్లు తిరిగినా ఈ తప్పు సర్దుకోదు.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఆరోగ్య సర్వే పద్ధతి అయిన 'స్టెప్స్'లో మామూలుగా ఇంటికి ఒక్కరినే, అదీ లాటరీ తీసి ఎంచుకుంటారు. ముందుగా ఆ ఇంట్లో ఉండే 18 నుంచి 69 ఏళ్ల వారందరినీ రాసుకోవాలి, ఆ సమయానికి బయటికి వెళ్లినవారిని కూడా. ఆ జాబితాలోంచి ఎవరిని అడగాలో తేల్చేందుకే గణాంక శాస్త్రవేత్త లెస్లీ కిష్ 1949లో ప్రచురించిన పట్టిక పుట్టింది. ఇప్పుడు ఆ పని ట్యాబ్ చేసిపెడుతోంది.

"మావాడు రాత్రికి గానీ రాడు, నన్ను అడగండి, అన్నీ చెబుతాను" అంటారు పెద్దాయన. "లాటరీలో మీ అబ్బాయే వచ్చారండీ. ఆయన ఉండే వేళ చెప్పండి, మళ్లీ వస్తాం" అనాలి. మళ్లీ వెళ్లడం విసుగే. కానీ సర్వే నాణ్యత ఆ రెండో రాకలోనే ఉందని నా గట్టి నమ్మకం.

ఇక లెక్క. ఒంటరిగా ఉండే వ్యక్తి ఎలాగూ ఎంపికవుతారు. నలుగురున్న ఇంట్లో ఒక్కొక్కరి అవకాశం నాలుగో వంతే. కాబట్టి అక్కడ దొరికిన ఒక్కరి జవాబుకు 4 బరువు ఇస్తాం, అంటే దాన్ని నలుగురి జవాబుగా లెక్కిస్తాం. మొదటివారు పొగతాగుతారు, రెండోవారు తాగరు అనుకుందాం. బరువు లేకుండా చూస్తే పొగతాగేవారు 50 శాతం. బరువు వేస్తే 5లో 1, అంటే 20 శాతం. రెండు ఇళ్లతో దేశాన్ని అంచనా వేయం గానీ, తేడా ఎంత పెద్దదో చూడండి.

అభ్యాసం: మూడిళ్లలో పెద్దలు వరుసగా 2, 3, 5. రెండో ఇంట్లో ఎంపికైనవారికి మాత్రమే అధిక రక్తపోటు ఉంది. బరువు వేసి శాతం కట్టండి, 30 రావాలి.

వచ్చే భాగంలో: రక్తపోటును మూడుసార్లు కొలిచి, చివరి రెండింటి సగటే ఎందుకు తీసుకుంటారు?