లేక్ వ్యూ విల్లా కొనేముందు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల గేటెడ్ కమ్యూనిటీలో ఇల్లు చూస్తున్నారా? బ్రోచర్‌లోని చెరువు, గోల్ఫ్ కోర్సు ఎవరి పేరున ఉన్నాయో ముందు అడగండి. ఏపీ రెరా (రాష్ట్ర రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) సైట్‌లో ఆ ప్రాజెక్టు ప్లాన్ తీసి చూడండి. అవి కామన్ ఏరియాగా, అంటే అందరి ఉమ్మడి స్థలంగా ఉంటే 2016 రెరా చట్టం ప్రకారం ఓనర్ల అసోసియేషన్‌కు రాసివ్వాలి. బిల్డర్ తన పేరునే ఉంచుకుంటే రేపు అక్కడ అపార్ట్‌మెంట్లు లేచినా అడగడం కష్టం. గోల్ఫ్ మెంబర్‌షిప్‌కు వేరే డబ్బు కట్టాలా అన్నదీ తేల్చుకోండి.

అన్నిటికంటే నీళ్ల సంగతి ముఖ్యం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి మునిగింది కదా. సైట్ పక్క వీధిలో పాత ఇళ్ల గోడలు చూడండి, నీటి మరక ఎంత ఎత్తున ఉందో అదే చెబుతుంది. టీకొట్టు దగ్గర ఓ మాట అడిగితే సేల్స్ ఆఫీసులో చెప్పనివి కూడా తెలుస్తాయి. గ్రామ నక్షా తీయించి, ఆ సర్వే నంబర్లలో వాగు, కుంట ఏమైనా ఉన్నాయేమో సర్వేయర్‌కు చూపించండి.

మెయింటెనెన్స్ అడుగుకు 4 రూపాయలంటే 2,000 అడుగుల ఇంటికి నెలకు 8,000. గడ్డి కోసినా కోయకపోయినా కట్టాల్సిందే! సాయంత్రం ఆరింటికి ఒకసారి వెళ్లి చెరువు గట్టున నిలబడండి, దోమల లెక్కా తేలిపోతుంది.